రాత్రి భుజం నొప్పి: కాపడమా, మాత్రా, కసరత్తా, ఇంజెక్షనా? ఎవరికి ఏది?

రాత్రి పడుకున్నాక భుజం సలపడం మొదలైందని చెప్తే మన తిరుపతి, చిత్తూరు వైపు తలా ఒక మాట అంటారు. పక్కింటి అత్త వావిలాకు కాపడం పెట్టమంటుంది, మెడికల్ షాపు అబ్బాయి మాత్రల స్ట్రిప్ చేతిలో పెడతాడు, మేనమామ పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోమంటాడు, డాక్టరు ఇంజెక్షన్ అంటారు, ఆపరేషన్ లేకుంటే తగ్గదని ఇంకొకాయన భయపెడతాడు. వీటిలో ఒకరికి తగ్గించింది ఇంకొకరికి పెంచొచ్చు, ఎందుకంటే భుజం నొప్పి అని మనం ఒకే పేరుతో పిలిచేదాని కింద కనీసం మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మూడింటికీ వైద్యం వేరు. అందుకే ఏది మంచిదో చెప్పే ముందు మీది ఏ రకమో తేల్చుకునే పద్ధతి చెప్తాను. దానికి స్కానింగ్ అక్కర్లేదు, ఇంట్లో ఇంకో మనిషి తోడుంటే చాలు.

అసలు ఇది భుజం నొప్పేనా

ఇది మాత్రం దాటేయకండి. అలిపిరి మెట్లు ఎక్కుతుంటే ఎడమ భుజమో, రెండు భుజాలో, దవడో బరువుగా పట్టేసినట్టుండి, గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చోగానే తగ్గిపోతుంటే, చెయ్యి ఎటు తిప్పినా ఆ నొప్పిలో తేడా లేకుంటే, అది గుండె నుంచి వస్తోందనే అనుకోవాలి. వెంటనే గుండె డాక్టరుకు చూపించుకోండి, బామ్ రాసుకుని మళ్లీ మెట్లు ఎక్కొద్దు. రాత్రిపూట ఛాతీ బరువు, చెమటలు, ఆయాసంతో కలిసి భుజం లాగితే అప్పుడే 108కి ఫోన్ చేయాలి, షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి అంతగా తెలియకుండానే ఇలా రావచ్చు కాబట్టి వాళ్ల విషయంలో ఇంకా తొందరపడాలి. నూనె వంటలు తిన్నాక కుడి భుజం వెనక నొప్పితో పాటు కడుపు పైభాగం కుడివైపు పోటు వస్తే పిత్తాశయంలో రాళ్లేమో చూడాలి. భుజం వేడిగా, వాపుగా ఉండి జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆసుపత్రికి. బరువు తగ్గిపోతున్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చి తగ్గినా, భుజం దగ్గర గడ్డ కనిపించినా కింద రాసిన ఇంటి ఉపాయాలతో కాలం గడపకండి.

మీది ఏ రకం

నిలబడి మోచేతిని పక్కటెముకలకు ఆనించి, చేతిని ముందుకు మడిచి, మోచెయ్యి పక్క నుంచి కదలకుండా ముంజేతిని ఒంటి నుంచి బయటివైపుకు తిప్పండి. ముందు బాగున్న చెయ్యి, తర్వాత నొప్పి చెయ్యి. ఇప్పుడు కండరాలు వదులు చేసి, ఇంట్లోవాళ్లను మెల్లగా అదే వైపుకు తిప్పమనండి. మీరు తిప్పినా, వాళ్లు తిప్పినా రెండో చేతితో పోలిస్తే సగం కూడా పోకుండా గట్టిగా ఆగిపోతే అది చాలావరకు ఫ్రోజెన్ షోల్డర్, అంటే మనం భుజం పట్టేసింది అంటామే అది. కీలు చుట్టూ ఉండే పలచటి సంచి వాచి, తర్వాత నీళ్లలో తడిసిన కొత్త నూలు చొక్కాలాగా ముడుచుకుపోతుంది. జాకెట్ హుక్స్ వెనక్కి పెట్టుకోలేకపోవడం, జడ వేసుకోలేకపోవడం, ప్యాంటు వెనక జేబులో పర్సు తీయలేకపోవడం దీని మొదటి గుర్తులు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ల మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లలో కాస్త ఎక్కువ. మామూలు జనంలో నూటికి 2 నుంచి 5 మందికి వస్తే, షుగర్ ఉన్నవాళ్లలో నూటికి 10 నుంచి 20 మందికి వస్తుందని డాక్టర్లు చెప్పే లెక్క. థైరాయిడ్ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువే.

ఇంకొకరు తిప్పితే చెయ్యి హాయిగా తిరుగుతూ, మీ అంతట మీరు పక్క నుంచి పైకి ఎత్తేటప్పుడు మాత్రం మధ్యలో, భుజం ఎత్తుకు వచ్చే దగ్గర, చురుక్కుమని పొడిచి ఆ పైన మళ్లీ తేలికవుతుంటే, అది టెండన్ల సమస్య. కండరాన్ని ఎముకకు అతికించే పట్టీలను టెండన్లు అంటారు, భుజం చుట్టూ నాలుగు కండరాలవి కలిసి కీలును పట్టి ఉంచుతాయి. చేతులు పైకెత్తి పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువ: తోతాపురి కోతల్లో రోజంతా దోటి పట్టుకునేవాళ్లు, సున్నం వేసేవాళ్లు, పైకప్పుకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీలు, కల్యాణకట్టలో గంటల తరబడి మోచేతులు లేపి గుండు గీసేవాళ్లు. ఇందులోనే ఒక రకం ఉంది, టెండన్‌లో సున్నం లాంటి పదార్థం పేరుకుని ఉన్నట్టుండి ఒక రాత్రి చెయ్యి కదపనివ్వనంత నొప్పి వస్తుంది, మామూలు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. చూస్తే భయం వేస్తుంది కానీ, ఆ తీవ్రమైన దశ చాలామందికి కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో దిగిపోతుంది.

మూడోది మెడ నుంచి దిగేది. మోచెయ్యి దాటి వేళ్లదాకా గుంజడం, తిమ్మిర్లు, మెడ తిప్పితే ఎక్కువవడం, చెయ్యి తల మీద పెట్టుకుంటే కాస్త హాయిగా ఉండడం దీని లక్షణాలు. ఇది ఎంత చెప్పినా తక్కువే: భుజం కీలు జబ్బులో నొప్పి ఎక్కువగా జబ్బ, అంటే భుజానికీ మోచేతికీ మధ్య భాగం, బయటివైపు తెలుస్తుంది, మెడకూ భుజానికీ మధ్య కండలో తెలిసే నొప్పి చాలాసార్లు మెడది. మెడ నొప్పికి నెలల తరబడి భుజం కసరత్తులు చేసేవాళ్లు, భుజం నొప్పికి మెడకు పట్టీ వేసుకుని తిరిగేవాళ్లు మన చుట్టూ ఎంతమందో.

ఈ రాత్రికి ఏం చేయాలి

రాత్రే ఎందుకు ఎక్కువవుతుందంటే, ఆ పక్కకు తిరిగితే ఒంటి బరువంతా వాచిన చోట పడుతుంది, వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి భుజంకంటే కిందికి జారి కీలు ముందు భాగం సాగుతుంది, వాపును అణిచే కార్టిసాల్ హార్మోన్ మన ఒంట్లో అర్ధరాత్రి వేళ తక్కువగా ఉంటుంది, దానికి తోడు మనసు మళ్లించే పని ఏదీ ఉండదు. నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, ఆ టెన్షన్‌తో మళ్లీ నిద్ర పట్టదు.

అందుకని నా లెక్కలో అన్నిటికంటే ముందు ఎంచుకోవాల్సింది దిండు, పైసా ఖర్చు లేనిది. వెల్లకిలా పడుకునేవాళ్లు మడత పెట్టిన దుప్పటినో చిన్న దిండునో జబ్బ కింద నుంచి మోచెయ్యి దాకా పెట్టుకోండి, మోచెయ్యి భుజంకంటే కిందికి పోకూడదు, అరచెయ్యి పొట్ట మీద ఉండాలి. పక్కకు తిరిగి పడుకునే అలవాటైతే బాగున్న వైపు తిరిగి, ఎత్తైన దిండును వాటేసుకుని నొప్పి చేతిని దాని మీద వేయండి, వీపు వెనక ఇంకో దిండు పెడితే నిద్రలో నొప్పి వైపు దొర్లకుండా ఉంటారు. చెయ్యి తల కింద పెట్టుకోవడం, తలపైకి చాపి పడుకోవడం మానేయాలి. ఏ వైపూ కుదరని రాత్రి వాలు కుర్చీలో సగం కూర్చుని పడుకోవడమే నయం. చాప మీద పడుకునేవాళ్లకు అసలు ఇబ్బంది లేచేటప్పుడు, నేల మీద చెయ్యి ఊని లేస్తారు కదా, ఆ ఒక్క ఊపుకే రాత్రంతా పడ్డ విశ్రాంతి పోతుంది, కాబట్టి తగ్గేదాకా మంచం మీదికి మారండి. వేలు పోసి కొత్త పరుపు కొనే ముందు ఈ దిండ్లు ఒక వారం సరిగా పెట్టి చూడండి.

కాపడమా, ఐసా? బిగుసుకుపోయిన భుజానికి పడుకునే ముందు ఒక పావుగంట వేడి హాయిగా ఉంటుంది, ఆ రోజు బరువు పని చేసి కొత్తగా నొప్పి లేచిన భుజానికి గుడ్డలో చుట్టిన ఐసు బాగుంటుంది. రెండూ జబ్బును తగ్గించవు, నిద్ర పట్టేదాకా సాయం చేస్తాయి, మీ ఒంటికి ఏది పడితే అదే పెట్టండి. వావిలాకు వేడి చేసి మూట కట్టి పెట్టుకునే అలవాటు ఉంటే నిక్షేపంగా పెట్టుకోండి, ఆ వేడిలో సుఖం ఉంది. షుగర్ వల్ల చర్మం మొద్దుబారినవాళ్లు మాత్రం వేడిని ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి, తెలియకుండా బొబ్బలెక్కుతాయి. బామ్ గానీ జెల్ గానీ రాసిన చోట మీద కాపడం వద్దు. డైక్లోఫెనాక్ జెల్ మోకాలికి, వేళ్లకు పనిచేసినంతగా భుజానికి పనిచేయకపోవచ్చు, ఇక్కడ కీలు కండరాల కింద లోతుగా ఉంటుంది.

మాత్రల దగ్గర కాస్త గట్టిగా చెప్పాలి. ఈ రాత్రి నిద్ర కోసమే అయితే పారాసెటమాల్ ముందు, పెద్దవాళ్లకు ఒకసారికి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు, సన్నగా ఉన్నవాళ్లకు, మందు తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఇంకా తక్కువ, ఎంతో డాక్టరును అడగాలి. డైక్లోఫెనాక్, ఏసీక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నొప్పిని బాగానే తగ్గిస్తాయి, అయితే కిడ్నీ తేడా ఉన్నవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, గుండెకు స్టెంట్ పడినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోకూడదు. బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా అడిగి తీరాలి. షాపులో ఇచ్చే నొప్పి మాత్రలు చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిపి ఉంటుంది, అది తెలియక విడిగా ఇంకో పారాసెటమాల్ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది, స్ట్రిప్ వెనక చదివి చూడండి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులూ మాత్రలూ ఎంత మంచి మనిషి ఇచ్చినా వద్దు, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండే అవకాశం ఉంది, నొప్పి మాయమవుతుంది, షుగర్, బీపీ లోపల పెరిగిపోతాయి.

పట్టేసిన భుజానికి: ఓపికా, ఇంజెక్షనా, ఆపరేషనా

ఫ్రోజెన్ షోల్డర్‌కు ఒక నడక ఉంది. మొదట కొన్ని నెలలు నొప్పి, రాత్రిళ్లు మరీ. తర్వాత నొప్పి తగ్గి బిగువు మిగులుతుంది. ఆపైన మెల్లగా వదులవుతుంది. మొత్తం ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చు, కొందరికి ఎంతో కొంత బిగువు ఉండిపోతుంది. మీరు ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టే ఎంపిక.

నొప్పి దశలో ఉండి నిద్ర లేక నలిగిపోతుంటే నేను ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ తొలి నెలల్లో ఇస్తేనే ఎక్కువ మేలు, కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు నొప్పి అణుగుతుంది, ఆ వ్యవధిలో కసరత్తు చేసుకోగలుగుతారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగర్ బాగా ఎగబాకుతుంది, ఇది ముందే తెలిసుండాలి, ఆ వారం ఇంట్లోనే రోజూ పరీక్ష చేసుకోవాలి, షుగర్ అప్పటికే అదుపు తప్పి ఉంటే ముందు దాన్ని దించి తర్వాత ఇంజెక్షన్‌కు వెళ్లడం మంచిది. ఈ దశలో భుజాన్ని బలవంతంగా లాగించుకోవద్దు. ఏడ్చేదాకా వంచితేనే వదులవుతుందని కొందరు నమ్ముతారు, నొప్పి దశలో అలా చేస్తే వాపు ఇంకా పెరుగుతుంది. బల్ల మీద బాగున్న చెయ్యి ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని కిందికి వదిలేసి చిన్న చిన్న గుండ్రాలు తిప్పడం, పడుకుని రెండో చేతి సాయంతో మెల్లగా పైకి లేపడం, అంతే చాలు.

బిగువు దశకు వచ్చాక ఇంజెక్షన్ వల్ల అంత లాభం ఉండదు, అప్పుడు సాగదీసే కసరత్తే ముఖ్యం: గోడ మీద వేళ్లతో పాకించడం, వెనక తువ్వాలు పట్టుకుని పైచేత్తో కింది చేతిని లాగడం, తలుపు చట్రానికి అరచెయ్యి ఆనించి ఒంటిని అటు తిప్పడం, వేడి కాపడం పెట్టుకున్న వెంటనే చేస్తే సులువు.

ఆపరేషన్ మాట ఎవరైనా ఎత్తితే ఈ సంగతి గుర్తుంచుకోండి. బ్రిటన్‌లో 503 మంది ఫ్రోజెన్ షోల్డర్ రోగుల మీద మూడు పద్ధతులను పోల్చారు: మత్తు ఇచ్చి చెయ్యి తిప్పి వదులు చేయడం, కీహోల్ ఆపరేషన్‌తో, అంటే చిన్న రంధ్రం గుండా, సంచిని కోయడం, ఇంజెక్షన్‌తో కలిపి పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ. 2020లో వచ్చిన ఫలితం ఏమంటే, ఏడాది తిరిగేసరికి మూడింటిలో ఏదీ మిగతావాటికంటే స్పష్టంగా పైచేయి కాలేదు, ఆపరేషన్‌లో ప్రమాదాలు మాత్రం కాస్త ఎక్కువ. కాబట్టి కొన్ని నెలలు నిజాయితీగా కసరత్తు చేసి, ఇంజెక్షన్ కూడా అయ్యి, అప్పటికీ చెయ్యి కదలనివాళ్లకే ఆపరేషన్ ఆలోచన.

పుత్తూరు కట్టు సంగతి అడక్కుండా ఎవరూ వదలరు. ఎముక విరిగితే వెదురు బద్దలు, ఆకు పసరు, గుడ్డు సొనతో కట్టే ఆ పద్ధతికి మన వైపే కాదు తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు, దాని మీద పెద్దలకున్న నమ్మకాన్ని తక్కువ చేయను. కానీ పట్టేసిన భుజంలో ఎముక విరగలేదు, దానికి కావాల్సింది కదలిక. వారాల తరబడి కట్టి ఉంచితే ముడుచుకున్న సంచి ఇంకా ముడుచుకుంటుంది, కాబట్టి ఈ జబ్బుకు కట్టు, మెడలో వేసుకునే జోలె రెండూ వద్దు. ఆయుర్వేదంలో నూనె మర్దన, చెమట పట్టించే కాపడం ఇష్టమైతే చేయించుకోవచ్చు, నొప్పి దశలో గట్టిగా పిసకనివ్వకండి, షుగర్ మందులు మాత్రం ఆపొద్దు.

టెండన్ నొప్పికి: కరెంటు పెట్టించుకోవడమా, కసరత్తా

ఫిజియోథెరపీ అంటే మన దగ్గర చాలామందికి కరెంటు పెట్టించుకోవడమే. పది రోజులు పోయి మెషిన్ కింద పడుకుని వస్తారు, ఆ గంట హాయిగా ఉంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. టెండన్ గట్టిపడేది మెల్లమెల్లగా బరువు అలవాటు చేస్తేనే. మొదట మోచెయ్యి ఒంటికి ఆనించి చేతి వెనక భాగంతో గోడను కదలకుండా నొక్కి పట్టడం, తర్వాత రబ్బరు బ్యాండుతో బయటికీ లోపలికీ లాగడం, ఆ తర్వాత నీళ్ల సీసా పట్టుకుని ఎత్తడం, ఇలా 6 నుంచి 12 వారాలు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉండి తెల్లారేసరికి తగ్గితే సరిపోయినట్టే, ఆ రాత్రి నిద్ర చెడిందంటే మర్నాడు తగ్గించాలి.

కుప్పం నుంచో పలమనేరు నుంచో రోజూ క్లినిక్‌కు తిరగలేనివాళ్లకు ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. 2021లో వచ్చిన ఇంకో బ్రిటన్ అధ్యయనంలో ఇలాంటి టెండన్ నొప్పి ఉన్న 708 మందిని తీసుకుని, ఒక్కసారి కూర్చోబెట్టి బాగా నేర్పించి పంపినవాళ్లనూ, ఆరుసార్ల వరకు పిలిపించి చేయించినవాళ్లనూ పోల్చారు. ఏడాదిలో తేడా కనిపించలేదు. ఇంజెక్షన్ కూడా మొదటి రెండు నెలల్లో కొద్దిగా తేడా చూపింది, ఆ తర్వాత లేదు. అంటే ఒక్కసారి వెళ్లినా మీ చేత చేయించి, తప్పు దిద్ది, తర్వాత ఏం పెంచాలో రాసిచ్చే ఫిజియోను వెతుక్కోండి, మిగతాది ఇంట్లోనే.

ఎముక గీకే ఆపరేషన్ ఒకటి ఉంది, టెండన్‌కు దారి వెడల్పు చేస్తామంటారు. 2018లో వచ్చిన అధ్యయనంలో 313 మందిలో కొందరికి నిజంగా గీకారు, కొందరికి కెమెరా పెట్టి చూసి వదిలేశారు, కొందరికి ఏమీ చేయలేదు. గీకినవాళ్లకూ కెమెరాతో చూసి వదిలేసినవాళ్లకూ తేడా లేదు. మామూలు టెండన్ నొప్పికి దీనికోసం అప్పు చేయొద్దని ఖచ్చితంగా చెప్తాను. దీనికి మినహాయింపు ఒకటుంది: ఘాట్ రోడ్డులో బండి మీద నుంచి పడడమో, కాలు జారి చెయ్యి మీద పడడమో జరిగి ఆ రోజు నుంచి చెయ్యి పైకి లేవకపోతే టెండన్ పూర్తిగా తెగి ఉండొచ్చు. అప్పుడు కసరత్తంటూ నెలలు గడపకుండా రెండు మూడు వారాల్లోపే ఎముకల సర్జన్ దగ్గరుండాలి, ఆలస్యమైతే తెగిన కొస వెనక్కి లాక్కుపోయి కుట్టడం కష్టమవుతుంది.

మెడది అయితే ఈ భుజం వైద్యాలేవీ పెట్టుకోకండి. దిండు ఎత్తు సరిచేయడం, మెడ కసరత్తులు, కొద్ది వారాల ఓపికతో చాలామందికి తగ్గుతుంది, చేతి పట్టు తగ్గుతుంటే, నడక తడబడుతుంటే ఆగకుండా చూపించాలి.

ఎక్కడికి, ఏ పరీక్ష ముందు

ఎమ్మారై ముందు వద్దు. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేనివాళ్లకు కూడా అందులో టెండన్ చిరుగులు కనిపిస్తుంటాయి, ఆ రిపోర్టు పట్టుకుని భయపడడం తప్ప లాభం ఉండదు. ఎక్స్‌రే, ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), థైరాయిడ్, ఇవి ముందు. హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆ పైన ఉంటే షుగర్ ఉన్నట్టు. భుజం పట్టేయడంతోనే షుగర్ మొదటిసారి బయటపడేవాళ్లు ఉంటారు.

తిరుపతిలో ఉన్నవాళ్లకు రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల ఓపీ ఉంది, టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకల వైద్యానికే పెట్టింది, షుగర్, గుండె, కిడ్నీ సమస్యలు కూడా కలిసి ఉన్నవాళ్లకు అన్ని విభాగాలూ ఒకచోట ఉండే స్విమ్స్ ఆసుపత్రి అనుకూలం. చిత్తూరు వాళ్లకు జిల్లా ఆసుపత్రి ఉంది, అక్కడ తేలకపోతే వేలూరు సుమారు 35 కిలోమీటర్లే కాబట్టి చాలామంది అక్కడి సీఎంసీ ఆసుపత్రికి పోతారు, అయితే మామూలు ఫ్రోజెన్ షోల్డర్‌కు అంత దూరం పోవాల్సిన పని లేదు, దగ్గర్లో మంచి ఫిజియో ఉంటే చాలు.

ఓపీకి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నిటి స్ట్రిప్పులు, పాత షుగర్ రిపోర్టులు తీసుకెళ్లండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఏ పని చేయలేకపోతున్నారు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి, హడావిడి ఓపీలో గుర్తుండదు. ఆడవాళ్లు చాలామంది భుజం నొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకుంటారు, జాకెట్ వేసుకోలేకపోతున్నాను, బిందె ఎత్తలేకపోతున్నాను, పాలు పితకలేకపోతున్నాను అని విడమరిచి చెప్పండి, డాక్టరుకు సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. ఆ బిందె ఇంట్లో ఇంకెవరు ఎత్తాలో కూడా ఆ వారమే తేల్చుకోండి.